లేబుల్ లేని సీసా

"అమ్మా, లైటు వెయ్యవా? ఇంకా తెల్లారలేదా?"

గది నిండా ఎండ ఉంది. రెండు జడల్లో ఒకటి పూర్తిచేసి రెండోది వేసుకోబోతున్నదాన్ని మంచం దగ్గరికి పరిగెత్తాను. మా ఏడేళ్ల పాప పిచ్చుక లేచి కూర్చుంది. రెండు రెప్పలూ ఉబ్బి, మూసుకుపోయి ఉన్నాయి.

ముందురోజు కొత్త ఫేస్‌వాష్‌తో దాని మొహం కడిగాను. కళ్లు మంటంటే, "నురగకే ఇంత రాగమా?" అని కసిరాను.

కళ్ల డాక్టరమ్మ రెప్ప ఎత్తబోతే పిల్ల కెవ్వుమంది.

"మొహానికి ఏం వాడారమ్మా?"

"కొబ్బరితో చేసిందేనండీ. మంచిదని..."

"కొబ్బరి నుంచి తీసినా, నురగ కోసం వేసేది కొందరికి పడదు. ఇంకేం కలిపారో చూడాలి. సీసా తెచ్చారా?"

ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పింది. "దీనిమీద ఏమీ రాసి లేదే!"

మా స్నానాల గదిలో సీసాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. రంగురంగుల బొమ్మలంటే నాకు చిరాకు. ఏది కొన్నా గాజు సీసాలోకి వంపి, పాతది పారేస్తాను.

"చూపుకి ఏమైనా..." అన్నాను.

"వాపు తగ్గితేగానీ చెప్పలేను. ముందు అందులో ఏముందో కనుక్కోండి."

ఇంటికొచ్చేసరికి చెత్త బండి వెళ్లిపోయింది. ఖాళీ బుట్ట ముందు కూలబడ్డాను.

"ఏం పోయిందే?" అంది అత్తయ్య.

చెప్పాను.

"నీ శుభ్రం మండిపోనూ! ఆ పాత సీసా నా దగ్గరుంది. గుండీలు వేసుకుందామని తీశాను. నన్ను పాత సామాన్ల కొట్టంటావుగా, ఇంద!"

వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాలు. ఫోన్‌లో డాక్టరమ్మకి ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను.

"ఘాటైన రసాయనాలేవీ లేవు. ఆ కొబ్బరి పదార్థం మీదే నా అనుమానం," అంది డాక్టరమ్మ. "ఇక అది తగలనివ్వకండి. నేనిచ్చిన చుక్కల మందు వేస్తూ ఉండండి. చూపు సంగతి రేపు చూద్దాం."

ఆ రోజంతా పిల్ల గోడలు తడుముకుంటూ నడిచింది. నేను వెనకాలే చేతులు చాచుకుని తిరిగాను. ఎదురుగా నిలబడినా, "అమ్మా, ఎక్కడున్నావ్?" అనేది. అన్నప్పుడల్లా దాని చెయ్యి పట్టుకునేదాన్ని.

మర్నాడు పొద్దున తడి గుడ్డతో కళ్ల పుసులు తుడిచాను. ఎడమ రెప్ప సన్నగా విడింది. ఎర్రటి చీలికలో కంటిపాప కదిలింది.

పిచ్చుక నా మొహంలోకి చూసి మూతి ముడిచింది.

"ఏంటమ్మా, ఒకవైపే జడేసుకున్నావ్?"