పిన్నిని నిలబెట్టడం

పిన్నికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పుడు మా ఇంట్లో మరీ బెంబేలు పడలేదు. నేనున్నానుగా! ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. "పరీక్షలైపోతే మా పిల్లే నన్ను నడిపిస్తుంది, బయటివాళ్లెందుకు?" అని ఆస్పత్రివాళ్లు పంపుతామన్న మనిషిని కూడా వద్దంది పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

నాక్కూడా ధీమాగానే ఉండేది. పేషెంటును లేపి నిలబెట్టడం క్లాసులో ఒకరి మీద ఒకరం చేసి నేర్చుకున్నాం. వార్డులో మాత్రం మమ్మల్ని గోడవారగా నిలబెట్టేవారు. "చూసి నేర్చుకోండి. మీరు చెయ్యేస్తే పేషెంట్ల తాలూకు వాళ్లు గొడవ చేస్తారు" అనేవారు మా సారు. పరీక్షల ముందు ఆయనే, "ట్రైనింగు తృప్తిగా ఉందా?" అని అడిగారు. మార్కులు వేసేది ఆయనే కదా, అందరం బుర్రలూపాం. "చాలా తృప్తిగా ఉంది సార్" అని అందరికంటే ముందు అన్నది నేనే, నా నోరు పడిపోను!

పరీక్షలో నాకిచ్చిన పేషెంటు ఒక తాతగారు. ఏటా ఆయన్నే పిలిపిస్తారట. నా మోకాళ్లు ఆయన మోకాళ్లకు ఆనించి, నడుం పట్టుకుని, "ఒకటి" అన్నానో లేదో టక్కున లేచి నిలబడ్డాడు.

"మూడనేదాకా ఆగండి తాతగారూ" అని గొణిగాను.

"ఎన్నేళ్లనుంచి లేస్తున్నానమ్మా, నాకు తెలీదూ?" అన్నాడు.

పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ నా భుజం తట్టింది. "మంచి ఆత్మవిశ్వాసం" అంది.

నేను ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే పిన్ని తల దువ్వించుకుని మంచం అంచున తయారుగా కూర్చుంది. బాబాయి కుర్చీ పక్కకు లాగి, "కానీ డాక్టరమ్మా" అన్నాడు. మోకాళ్లు ఆనించాను. నడుం పట్టుకున్నాను. "ఒకటి, రెండు, మూడు" అన్నాను. పిన్ని లేవలేదు. ఇంకాస్త బలంగా లేపాను. ఒక్కసారిగా ఆవిడ బరువంతా నా మీదికొచ్చింది. అంత బరువు నా చేతులు అంతకుముందు ఎన్నడూ ఎరగవు. క్లాసులో నా స్నేహితురాలు తనంతట తనే లేచేదని, నేను ఊరికే పట్టుకునేదాన్నని అప్పుడర్థమైంది. కంగారులో, పక్షవాతం వచ్చిన ఎడమచెయ్యే దొరకబుచ్చుకుని లాగేశాను. ఆ చెయ్యి లాగకూడదని పరీక్షలో రాసొచ్చినదాన్నే! పిన్ని కేకపెట్టి నేలమీద కూలబడింది.

"అసలు నీకు వచ్చా రాదా?" అని అరిచాడు బాబాయి.

"దాన్నేమీ అనకండి. నేనే సరిగ్గా లేవలేదు" అంది పిన్ని, కళ్లనీళ్లు పెట్టుకుని.

భుజం జారింది. ఎముకల డాక్టరు దాన్ని సరిచేసి కట్టు కడుతూ, "ఎవరండీ లాగింది?" అని అడిగాడు. బాబాయి నా వైపు చూడకుండా నేలకేసి చూశాడు. నాకు మా కాలేజీవాళ్ల మీద ఒళ్లు మండిపోయింది. చూసి నేర్చుకోవాలట, చూసి! వాళ్ల పిల్లల్ని ఇలాగే ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పిస్తారా వీళ్లు?

బాబాయి బయటినుంచి ఒకాయన్ని కుదిర్చాడు. నెమ్మదస్తుడు. "మా పిల్లదీ మీ చదువే" అని పిన్ని ఆయనతో గొప్పగా చెప్పింది. ఆయన వెళ్లాక, దిండు జారిందని సర్దబోయాను. నా చెయ్యి ఇంకా తగలనేలేదు, పిన్ని కుడిచేత్తో మంచం పట్టీని గట్టిగా పట్టేసుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"వద్దులేమ్మా, నాకిలాగే బాగుంది" అంది.