ఆధారం రాయవలసిన గడి

నేల తుడిచే లిక్విడ్ తయారుచేసే ఆ కంపెనీలో అతన్ని అందరూ మాటల మాస్టారు అనేవారు. సీసా లోపలిది ల్యాబ్ వాళ్ల పని, సీసా మీదిది అతని పని. పదకొండేళ్లుగా లేబుళ్లకు వాక్యాలు రాస్తున్నాడు. ఒక్కో వాక్యానికి మూడేసి రోజులు తపస్సు చేస్తానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. అందులో రెండు రోజులు క్యాంటీన్‌లోనే గడిచేవన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక సోమవారం పొద్దున యజమాని అతన్ని తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. పదకొండేళ్లలో కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

"మాస్టారూ, ఇవాళ్టి నుంచి మీరు మన కంపెనీ పర్యావరణ బాధ్యతాధికారి," అన్నాడు.

మాటల మాస్టారు గాల్లో తేలిపోయాడు. ఉన్నట్టుండి ఈ పదవి ఎందుకు, అదీ తనకే ఎందుకు అని అడిగేపాటి ఇంగితం ఉంటే అతను ఈ కథలోకి వచ్చేవాడే కాదు. మధ్యాహ్నానికల్లా విజిటింగ్ కార్డులకు ఆర్డరిచ్చి, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే భార్యకు ఫోన్ చేశాడు.

"ఏం చెయ్యాలట అందులో?" అందావిడ.

"బాధ్యత వహించాలి."

"దేనికండీ?"

"అదింకా చెప్పలేదు."

అవతల ఎవరో పంటి నొప్పితో మూలుగుతున్నారు. "సరే, ఇంటికొచ్చాక మాట్లాడదాం," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అతని మాటను భార్య సగం నమ్మేది. బావమరిది అసలు నమ్మేవాడు కాదు. తొమ్మిదో తరగతి చదివే కూతురు మాత్రం మొత్తం నమ్మేది. విమానం గాల్లో ఎలా నిలుస్తుంది, సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది అని చిన్నప్పటి నుంచీ ఏది అడిగినా అతను తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. ఆ జవాబుల్లో సగానికి పైగా అప్పటికప్పుడు అల్లినవే. ఆ పిల్ల వాటిని నోటుబుక్కులో రాసుకునేది. ఆ నమ్మకం గనక పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని అతనికి లోలోపల తెలుసు. అందుకే దాని గురించి ఎక్కువగా ఆలోచించేవాడు కాదు.

పదవి దేనికో మంగళవారం తెలిసింది. యజమాని తొమ్మిది గడుల ఫారం ఒకటి చేతిలో పెట్టాడు. సరుకు వెళ్లే దేశాలు ఒకదాని తర్వాత ఒకటి కొత్త చట్టాలు తెచ్చాయట. ఇన్నాళ్లూ సీసా మీద ఆకు బొమ్మ వేసి ఏది రాసినా చెల్లింది. ఇకమీదట ప్రకృతి గురించి రాసిన ప్రతి వాక్యానికీ ఆధారం చూపించాలి, కింద ఒక మనిషి పేరు పెట్టి సంతకం చెయ్యాలి. అబద్ధమని తేలితే సరుకు వెనక్కి, ఆ మనిషి బోనులోకి. పక్క వీధిలోని రంగుల కంపెనీ వాళ్లు అప్పటికే డబ్బాల మీద ఆకులు గీకేయిస్తున్నారు.

"రాసింది మీరే కదా, మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు యజమాని. "శుక్రవారం పొద్దునకి కావాలి."

"ఆధారం దొరక్కపోతే?"

"అప్పుడు వాక్యాలు తీసేయాలి. వాక్యాలే లేకపోతే రాసేవాడు మాత్రం ఎందుకు మాస్టారూ?" యజమాని నవ్వుతూనే అన్నాడు.

లేబుల్ మీద ప్రకృతి గురించి సరిగ్గా తొమ్మిది వాక్యాలు. తొమ్మిదీ తన సొంత బిడ్డలే. వాటిని వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాడు. అక్కడి మేడం ఇరవై ఏళ్లుగా అవే గాజు గొట్టాల మధ్య ఉన్న మనిషి, నవ్వినా కొలత ప్రకారం నవ్వేది.

"'తొంభై ఎనిమిది శాతం ప్రకృతి నుంచే.' దీనికి ఆధారం ఉందా మేడం?"

"ఉంది. తొంభై ఎనిమిది శాతం నీళ్లే."

"నీళ్లంటే ప్రకృతే కదండీ!"

"కుళాయి తిప్పితే వస్తున్నాయి. ఆ కుళాయి పేరు రాసుకోండి," అందావిడ. "తర్వాతది?"

"'చేపలకు హాని చేయదు.'"

"ఇది ఎలా పుట్టిందో నాకు బాగా గుర్తుంది. వెనకాల కాలువలో మీరే ఒక బకెట్ పోయించారు. గంటసేపు చూసి, ఒక్క చేప కూడా చావలేదన్నారు."

"చావలేదు కదా మరి."

"ఆ కాలువలో చేపలు ఎప్పుడున్నాయి మాస్టారూ?"

'మూడు తరాల ప్రకృతి పరిశోధన' సంగతి ఆవిడ అడగకముందే మాస్టారు తనే కొట్టేశాడు. యజమాని తాత సబ్బులు చేశాడు, తండ్రి సబ్బులు అమ్మాడు, ముగ్గురిలో ఎవరూ పరిశోధన చేసిన దాఖలా లేదు. లేబుల్ మూలనున్న ఆకు బొమ్మ మాత్రం నిజమైనదే అని వాదించాడు. తన బల్ల మీది మొక్కను చూసి గీయించాడట. ఆ మొక్క ప్లాస్టిక్‌దని మేడం చెప్పింది. దానికి రెండేళ్లపాటు నీళ్లు పోసిన సంగతి అతను పైకి చెప్పలేదు.

మిగతావీ ఇలాగే రాలిపోగా చివరికి ఒక్కటి మిగిలింది: 'నదిలో కలిసినా నదిని నదిలాగే ఉంచుతుంది.' మొత్తం ఉద్యోగంలో అతను చంకలు గుద్దుకున్న వాక్యం అది.

"దీన్ని పరీక్ష చేయిద్దామని నాలుగేళ్ల కిందట కాగితం పంపాను," అంది మేడం. "మీరే దాని మీద 'వాక్యం ఇప్పటికే బాగుంది' అని రాసి తిప్పి పంపారు."

సొరుగులోంచి ఆ కాగితం తీసి చూపించింది కూడా. దస్తూరి తనదే. ఎంత ధీమాగా రాశాడో, పక్కన ఒక చిన్న గీత సైతం గీశాడు.

బుధవారం మాస్టారు ఇంటర్నెట్ మీద పడ్డాడు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక పెద్దమనిషి ఆ లిక్విడ్ నదికి మంచిదని రాసి ఉండకపోతాడా అని అతని ఆశ. తన నది వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొట్టి చూశాడు. ఒక్క ఫలితం వచ్చింది. ఏదో స్కూలు పత్రిక. సైన్స్ ప్రదర్శనలో మొదటి బహుమతి పొందిన ప్రాజెక్టు, అందులో అతని వాక్యం అక్షరం పొల్లుపోకుండా లావు అక్షరాల్లో ఉంది. మాస్టారు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. స్కూలు, సైన్స్, బహుమతి! ఇంతకంటే ఏం కావాలి? పేజీ కిందికి జరిపాడు.

కప్పు పట్టుకుని నవ్వుతున్నది అతని కూతురు.

బహుమతి సంగతి అతనికి తెలుసు. కప్పు టీవీ పక్కనే ఉంది, వచ్చినవాళ్లందరికీ తనే చూపించాడు కూడా. ప్రాజెక్టు మాత్రం చదవలేదు. చదవమని ఆ పిల్ల రెండుసార్లు ఇచ్చింది, రెండుసార్లూ అట్ట చూసి అద్భుతం అన్నాడు. పేజీ చివర 'ఈ విషయాలు ఎక్కడివి' అన్న చోట రెండే రెండు పంక్తులున్నాయి. మొదటిది సీసా లేబుల్. రెండోది 'మా నాన్న'.

అతను అలా కూర్చుని ఉండగానే యజమాని వెనక నుంచి తొంగి చూశాడు. "దొరికిందే! ఇదే పెట్టండి. స్కూలు వాళ్లు ఒప్పుకుని బహుమతి ఇచ్చారంటే ఇంకేం కావాలి?"

"మా అమ్మాయండీ."

"అయితే మరీ మంచిది. పేరు తప్పు పడదు."

ఆ ఫారంలో కూతురి పేరు ఎక్కితే రేపు ఎవరైనా వచ్చి అడిగేది ఆ పిల్లనే. అది ఎంత ధైర్యంగా 'మా నాన్నే చెప్పారు' అంటుందో అతను ఊహించుకోగలడు. సీసాలు కొన్న లక్షల మందిని మోసం చేసినప్పుడు రాని సిగ్గు ఇప్పుడు ఒక్కసారిగా ముంచుకొచ్చినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

గురువారం సాయంత్రం కూతురు లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఉపోద్ఘాతం తయారుచేసుకున్నాడు గానీ, నోరు తెరిచేసరికి ఒక్కటే వచ్చింది.

"అమ్మలూ, ఆ నది మాట నేను కల్పించిందే. ఎవరూ పరీక్ష చెయ్యలేదు."

పిల్ల పెన్ను ఆపింది. "లేబుల్ మీద ఉంది కదా?"

"లేబుల్ రాసేది నేనే కదమ్మా."

పెన్నుకి మూత పెట్టింది. తర్వాత అడిగింది: "నదొక్కటేనా? విమానం గురించి చెప్పింది?"

"అది... సగం."

"సముద్రం ఉప్పు?"

అతను తల వంచుకున్నాడు. వంటింటి గుమ్మంలో భార్య చెయ్యి తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఆవిడ దెప్పిపొడుస్తుందేమోనని చూశాడు, కనీసం అదైనా చేస్తే బాగుండేది. ఆవిడ కూతురి వైపే చూస్తోంది.

"ప్రదర్శన రోజు టీచర్ అడిగారు నాన్నా," అంది పిల్ల. "ఇది నిజమని ఎలా తెలుసు అని. మా నాన్న చెప్పారు అన్నాను. సరేలే అని ఇంకేం అడగలేదు."

కళ్లు తుడుచుకుని లెక్కల పుస్తకం మూసేసింది. "రేపు టీచర్‌కి చెప్పేస్తాను. కప్పు ఇచ్చేస్తాను. నువ్వు కూడా రా. కానీ స్కూల్లో ఉన్నంతసేపు నువ్వేం మాట్లాడొద్దు."

శుక్రవారం పొద్దున మాస్టారు ఫారం పూర్తిచేశాడు. తొమ్మిది గడుల్లోనూ 'ఆధారం లేదు, నేను రాసిందే' అని రాసి, కింద సంతకం చేశాడు. పదకొండేళ్లలో కొట్టివేతలు లేకుండా ఒక్క దెబ్బకి రాసింది అదొక్కటే. యజమాని దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఇప్పుడు సీసా మీద ఏం మిగిలినట్టు?"

"పేరు, వాడే విధానం, పిల్లలకు అందకుండా ఉంచండి అన్నది. అది ల్యాబ్ మేడం రాయించింది సార్, దానికి ఆధారం ఉంది."

"మీ సంగతి సోమవారం మాట్లాడదాం," అన్నాడు యజమాని. ఈసారి కుర్చీ చూపించలేదు.

మధ్యాహ్నం స్కూలు స్టాఫ్ రూమ్‌లో కూతురు కప్పును బల్ల మీద పెట్టి, జరిగిందంతా టీచర్‌కి చెప్పింది. ఎక్కడా అతన్ని వెనకేసుకురాలేదు, తిట్టనూ లేదు. టీచర్ అతని వైపు తిరిగింది.

"నిజమేనా సార్?"

మాస్టారి నోటిదాకా మూడు వాక్యాలు వచ్చేశాయి. మంచి వాక్యాలు. మొదటిదాంట్లో పశ్చాత్తాపం, రెండోదాంట్లో తండ్రి మనసు, మూడోదాంట్లో కొత్త చట్టాల ప్రాముఖ్యం. కూతురు చూస్తోంది. మూడింటినీ మింగేసి తల ఊపాడు.

"మరి ఇప్పుడు ఏం చేస్తావ్?" అని టీచర్ పిల్లని అడిగింది.

"ల్యాబ్‌లో మేడం ఉన్నారట. ఎలా పరీక్ష చేస్తారో ఆవిడని అడుగుతాను. తెలిస్తే రాస్తాను, తెలియకపోతే తెలియలేదని రాస్తాను."

టీచర్ కప్పు తీసుకుని బీరువాలో పెట్టింది. తండ్రీ కూతుళ్లు వరండాలోకి వచ్చారు. అవతల గదిలో ఎవరో ఎక్కాలు అప్పజెబుతున్నారు. నాలుగడుగులు వేశాక మాస్టారు ఇక ఉండబట్టలేక వంగి, కూతురి చెవిలో మెల్లగా అన్నాడు:

"అమ్మలూ, నేను బాగానే ఉన్నాను కదూ, ఒక్క మాట కూడా..."

"నాన్నా, ఇంకా స్కూల్లోనే ఉన్నాం."

అతను నోరు మూసుకుని ఆ పిల్ల వెనకే నడిచాడు.