తోకచుక్కకు బొట్టు

నేను ఒక మంచు పొరను. రూపాయి బిళ్ళంత వెడల్పు, వెంట్రుకకన్నా పలచన. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో, గాలంతా తోడేసిన ఉక్కు పాత్రలో, నీటి ఆవిరీ, కాస్త మిథనాల్ ఆవిరీ గడ్డకట్టి నేనయ్యాను. పరిశోధకురాలు హైమ మాత్రం నన్ను తోకచుక్క అనేది. మనుషులు దేనికైనా పేరు పెడితే సగం పని అయిపోయినట్టే. ఆ పేరు నాకూ నచ్చింది.

సూర్యుడికి ఎంతో దూరాన మా వాళ్ళు, అసలైన తోకచుక్కలు, కోట్ల ఏళ్ళుగా చలిలో నిద్రపోతున్నారట. చుక్కల వెలుగు తాకి తాకి వాళ్ళ తెల్లటి ఒళ్ళు నల్లబడుతుందని హైమ నమ్మకం. అందుకే నా పాత్రకున్న కిటికీ అద్దం ముందు అతినీలలోహిత దీపం అమర్చింది. దాని ముందు నాకు ఒక్క రోజు గడిస్తే, అక్కడ వాళ్ళకు లక్షల ఏళ్ళు గడిచినట్టు.

నాకు ముందు మూడు పొరలు గోధుమరంగుకు తిరిగాయి. ప్రొఫెసరుగారు పెదవి విరిచారు. అది వెలుగు చేసిన పని కాదు, గాలి తోడే పంపులోని నూనె మరక అన్నారు. ఈసారీ తేలకపోతే వేరే అంశం చూసుకోమన్నారు. ఐదేళ్ళ కష్టం. హైమ నా ముందు నిలబడి ఏడ్చింది. నాకు జాలేసింది, కానీ మంచును కదా, కరగకూడదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. అటెండరు మల్లేశం దీపం విప్పి, నా కిటికీ అద్దానికి గంధం, కుంకుమ పెట్టి, దీపాన్ని మళ్ళీ బిగించాడు. సెలవులయ్యాక హైమ మీట నొక్కింది.

నెలంతా కల కన్నాను. ఒక చుక్క పక్కనుంచి పోతూ నన్ను వెచ్చజేసింది. ఎక్కడో ముసలి చుక్క ఒకటి పేలి చాలాకాలం వెలిగింది. నాలోని అణువులు విడిపోయి కొత్తవాటితో చేతులు కలిపాయి. నడుమ మాత్రం ఎందుకో నీడగా ఉండేది.

దీపం విప్పి బొట్టు చూసిన హైమ నీరుగారిపోయింది. ఎవరు పెట్టారని అడిగింది.

"నేనే మేడం. అన్నిటికి పెట్టిన. దీనికొక్కదానికి పెట్టకుంటె దిష్టి తగలదా?" అన్నాడు మల్లేశం.

ఆమె అద్దం తుడిచి లోపలికి చూసింది. నేనంతా గోధుమరంగు, నడిమధ్య బొట్టంత మేర తెలుపు. బొట్టు అడ్డుపడి అక్కడ వెలుగు సోకలేదు; నూనె అయితే అక్కడా పట్టేది. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి చూశారు.

"రాసుకోమ్మా, వెలుగే," అన్నారు.

తర్వాత నన్ను మెల్లగా వెచ్చబెట్టారు. నీరు ఆవిరైపోయింది. గోధుమరంగు మరక, దాని మధ్యలో గుండ్రటి ఖాళీ మిగిలాయి. ఇప్పుడు హైమ బల్లమీద గాజు డబ్బాలో ఉంటున్నాను. సాయంత్రం మొదటి చుక్క కనబడగానే మా వాళ్ళు గుర్తొస్తారు. అన్ని చుక్కల కళ్ళూ వాళ్ళమీదే. బొట్టు పెట్టడానికి అక్కడ మల్లేశం లేడు. పాపం, ఒంటిమీద కాస్త తెల్లటి చోటైనా మిగిలి ఉండదు.