బెన్హర్ గారి కరెంటు ప్రార్థన

నెల్లిమర్లలో కరెంటు ఇంజనీరుగా పనిచేస్తున్న బెన్హర్‌కి మాట్లాడ్డం రాదంటే, ఆయన వెళ్ళే బాప్టిస్టు చర్చిలో ఎవరూ ఒప్పుకోరు. ఆదివారం దేశాల కోసం చేసే ప్రార్థన ఆయనదే. కళ్ళు మూసుకున్నాడంటే ఇథియోపియా నుంచి జపాన్ దాకా ఒక్క దేశాన్నీ వదలడు. పిల్లలు కునికిపాట్లు పడాల్సిందే. అదే మనిషికి ఆఫీసువాళ్ళ ముందు నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. కిందటేడు శ్రీకాకుళం శిక్షణలో లేచి, గొంతు పెగలక, దండం పెట్టి కూర్చున్నాడు పాపం. ఆనాటి నుంచీ లైన్ ఇన్‌స్పెక్టరు సోములు పుణ్యమా అని ఆయన పేరు ‘ఫ్యూజు సారు’ అయిపోయింది.

ఈసారి శిక్షణలోనూ మాట్లాడమని ఆయన్నే పిలిచారు. ఏ దేశం తన కరెంటు వ్యవహారాన్ని ఎలా నడుపుకుంటోందో పోల్చి చెప్పాలి. మళ్ళీ నోరు పడిపోతే రిటైరయ్యేదాకా ఆ పేరు వదలదని ఆయన బెంగ.

"ఏటండీ, అన్నం ముందెట్టుకుని అలగ సూస్తన్నారు?" అంది భార్య బేబీ.

"అన్నీ సదివేనే. నోటికి రాట్లేదు."

"సర్చిలో వస్తాది గదా? అక్కడ మాత్రం జనం లేరా? కళ్ళు మూసుకుంటారు, అంతే తేడా."

మర్నాడు శ్రీకాకుళంలో హాలు నిండిపోయింది. ముందు వరసలో సోములు నవ్వు దాచుకుంటూ కూర్చున్నాడు. బెన్హర్ లేచి మైకు ముందుకెళ్ళాడు. ఏమైతే అయిందని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అంతే, మాట పొంగుకొచ్చింది.

"బ్రిటన్ దేశాన్ని తలుచుకుందాం. ఒకప్పుడు అక్కడ అంతా సర్కారుదే. తర్వాత కరెంటు తయారుచేసేవాళ్ళు, తీగెలు చూసుకునేవాళ్ళు, జనానికి అమ్మేవాళ్ళు వేరుపడ్డారు. తీగెలవాళ్ళు ఇష్టమొచ్చినట్టు వసూలు చేయకుండా ఒక సంస్థను కాపలా పెట్టారు. ఫ్రాన్సును తలుచుకుందాం. పోటీకి తలుపు తీసినా, పెద్ద కంపెనీని సర్కారు చెయ్యి జారనివ్వలేదు. నార్వేలో ఎవరికి నచ్చిన కంపెనీ దగ్గర వాళ్ళు కొనుక్కోవచ్చు. నీటి కరెంటు మాత్రం చాలావరకు ప్రభుత్వానిదీ, ఊళ్ళదీ. చిన్న భూటాన్‌ను తలుచుకుందాం. నదుల నీళ్ళతో కరెంటు తీసి, వానల్లో మిగిలింది మనకి అమ్ముతోంది..."

ఎక్కడా తడబడలేదు. చర్చిలోని రాగం కూడా వచ్చి చేరింది. ఆఖర్న అలవాటు కొద్దీ "ఆమెన్" అనేసి నాలుక్కరుచుకున్నాడు. పరువు పోయిందనుకున్నాడు. కళ్ళు తెరిచే ధైర్యం చాల్లేదు.

"ఆమెన్!" అని ముందు వరసలోంచి గట్టిగా వినిపించింది. ఏ ఏడూ పైడితల్లి అమ్మవారి జాతర మానని సోములు గొంతు అది! వెనకాలే హాలంతా అందుకుంది. అందరూ నవ్వారు, కానీ అందులో వెక్కిరింత లేదు. బెన్హర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"దేశాలన్నీ తిప్పేసినారు సార్. మరి మన మాటేటి?" అన్నాడు సోములు.

బెన్హర్ కళ్ళు తెరిచాడు. ముఖాలన్నీ తనవైపే ఉన్నాయి. అయినా మళ్ళీ మూసుకోవాలనిపించలేదు.

"మన రాష్ట్రంలో కరెంటు రేటు తేల్చేది విద్యుత్ నియంత్రణ కమిషను. తేల్చే ముందు జనాన్ని పిలిచి అడుగుతాది సోములూ. నువ్వూ ఎళ్ళి మాటాడొచ్చు."

"అంతమంది ముందు నానా? నా వల్ల కాదు సార్!"

"కళ్ళు మూసుకుని మొదలెట్టు. మాట అదే వస్తాది," అన్నాడు ఫ్యూజు సారు.