శుక్రవారము దించిన దీపము

మార్గశిరమాసపు సంధ్యాసమయమున గోదావరి కాలువగట్టుల మీద మంచు దిగుచుండెను. కోతలు ముగిసిన వరిచేలనుండి లేచిన ధూమరేఖలును నిండుకాలువనుండి లేచిన యావిరియు నొకదానినొకటి పెనవేసికొని నారికేళవృక్షపంక్తుల మొదళ్ళను మ్రింగివేయగా వాని శిరస్సులు మాత్రము నిరాధారములై యాకాశమున వ్రేలాడుచున్నట్లు కానవచ్చుచుండెను. ఒకవైపున కాలువయు వేరొకవైపున లోతైన పంటబోదెయు గల యా యిరుకుబాటన బోవువారికి కన్నొక్కటే యాధారము. ఆ కన్నును మోసపుచ్చునది చీకటి యొక్కటియేయని యా యూరివారందరివలెనే సత్యవేణియు నమ్మియుండెను.

ఈ సత్యవేణి యరటిగెలల వ్యాను తోలుకొని జీవించు నూకరాజునకు భార్య, రెండేండ్లు నిండని లాస్యకు తల్లి, భయమునకు పుట్టినిల్లు. భర్త తోటలయందు గెలల నెక్కించుకొని సంధ్యవేళ గట్టుబాటన నింటికి మరలి భుజించి కొంత నడుము వాల్చి తెల్లవారుజామున సంతకు బోవుట వాడుక. పొద్దు గ్రుంకినది మొదలు భర్త వచ్చువరకు నామె బిడ్డను చంకనిడుకొని వాకిటి గుంజను బట్టుకొని దూరమున వినవచ్చు ప్రతి హారనునకును గుండె జారవిడుచుచు నిలుచుండెడిది. అందులకు గారణము లేకపోలేదు. ఆ బండి దీపములు చెమ్మ జొచ్చి పసుపుబారి శుక్లములు గట్టిన ముదుసలి కన్నులవలె గాసంత దూరమునకు మించి చూపజాలకుండెను.

"కళ్ళు లేని బండేసుకుని గట్టు మీద తిరుగుతారేటండీ? మీకేటన్నా అయితే నేనూ పిల్లా ఏ కాలవలో పడాలి?" అని యామె ప్రతిదినమును పోరుచుండెను.

"పడితే ఈత నేర్చుకుందురుగానీ, ముందు కూడెట్టవే" అని నూకరాజు నవ్వి కంచము ముందు గూర్చుండెడివాడు.

తుదకా పోరు భరింపజాలక యతడు పట్టణమునుండి క్రొత్తదీపములను వెలుగును ముందుకు త్రోయు నద్దపు గిన్నెలతో సహా కొనితెచ్చెను. శుక్రవారము మధ్యాహ్నమున కాలువ లాకుల దగ్గరి మెకానిక్కు పోతురాజు వారి వాకిటికే వచ్చి పాతవానిని పెరికివైచి క్షీరధవళకాంతులను వెదజల్లు నా జంటదీపములను బిగించెను. పిమ్మట బండిని సమతలమైన నేల మీద నింటిగోడ కెదురుగా నాలుగు బారల యెడమున నిలిపి దీపముల నడిమి యెత్తు కొలిచి యా యెత్తుననే సున్నపుగోడ మీద బొగ్గుతో నడ్డుగీత గీచి వాకిటి పందిరిపై గోనెపట్టాలు కప్పించి నీడ చేయించెను. దీపము వెలిగింపగా గోడమీద బడిన వెలుగుయొక్క పైయంచు గీతకు బెత్తెడు దిగువన నిలుచువరకు వెనుకతట్టు మరను మెల్లమెల్లగా ద్రిప్పి యతడు తలయూపెను. అందరును చూచి సంతసించిరి. సత్యవేణి యా దీపముల రెంటికిని పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టి చక్రముల క్రింద నిమ్మకాయల నుంచి కొబ్బరికాయ కొట్టించెను.

పోతురాజు పనిముట్లు సర్దుకొనుచు నిట్లనెను. "బావా, ఇది ఖాళీబండి లెక్క. నువ్వు గెలలన్నీ వెనకాల కుక్కుతావు కదా, తోక దిగి ముక్కు లేస్తాది. ఎలుగంతా ఎదరోళ్ళ కళ్ళల్లోకి పోద్ది. సాయంత్రం లోడుతో రా, దీపాలు ఇంకాస్త దించుతాను."

దించుట యను మాట చెవిని బడగానే సత్యవేణి యులికిపడెను. ఆమె పుట్టింట శుక్రవారపు సంధ్యవేళ దీపపు వత్తిని తగ్గించుట గాని దీపమును క్రిందికి దించుట గాని యెన్నడును లేదు. ప్రతి శుక్రవారమును దీపము పెట్టి దాని నెత్తిపట్టి యా వెలుగున బిడ్డ మొగమును కన్నులార చూచుకొని గాని యామె వేరొక పని ముట్టెడిది కాదు.

"శుక్రవారం సంజేళ దీపం దించుతానంటావేటి అన్నయ్యా? ఇయ్యాలే బొట్టెట్టాను."

"చెల్లెమ్మా, ఇది దేవుడి గూట్లో దీపం కాదమ్మా, రోడ్డు మీద దీపం."

"ఏ దీపమైనా దీపమే. రేపు దించుకోండి."

"వదిలెయ్ బావా, ఒక్క పూటే కదా" యని నూకరాజు తోటలకు బోయెను. పోతురాజును మరి వాదింపక తన దారిని దాను పోయెను. ఆ యొక్క పూట యెంతటిదో వారిలో నెవ్వరికిని దెలియదు.

పొద్దువాలినది మొదలు లాస్యకు దగ్గు హెచ్చెను. పసిదాని రొమ్ము పిల్లికూనవలె గురగురలాడుచుండగా తల్లి ప్రాణము నిలువక తమ్ముడు వీరబాబును బిలిపించి యతని స్కూటరు మీద వెనుక గూర్చుండి బిడ్డను కొంగున జుట్టి యెదకు హత్తుకొని పొరుగూరి వైద్యునికడకు బయలుదేరెను. సగము దారియైనను సాగకమునుపే గట్టు వంపు దిరుగుచోట మంచు చీల్చుకొని యొక శ్వేతాగ్నిగోళమువంటి వెలుగు వారికెదురుగా లేచి నిలిచెను.

అది దీపమువలె లేదు. తెల్లనిగోడ యొకటి కదలి వచ్చినట్లుండెను. బాట లేదు; కాలువ లేదు; ముందు గూర్చున్న తమ్ముని వీపు సయితము లేదు. మూసిన రెప్పలను దూసికొని లోపలికి వచ్చు నా ధవళిమ తప్ప ప్రపంచమున మరియొకటి లేకుండెను.

"అక్కా, ఏటీ కనపడట్లేదే!" యని వీరబాబు కేకవేసెను.

చక్రము గట్టంచున మట్టిని ద్రొక్కి జారెను. స్కూటరు పక్కకొరిగి వీరబాబుతో గూడ కాలువవైపు వాలునబడి యీడ్చుకొనిపోయెను. సత్యవేణి మోకాళ్ళమీద బడి రెండు చేతులను నేలనానించెను. నేలనానించిన పిమ్మటగదా యా చేతులు ఖాళీగా నున్నవని యామె యెరింగినది.

ఆ వెలుగు వారి నెత్తిమీదుగా సాగిపోయెను. తలయెత్తిన సత్యవేణికి బండి వెనుకభాగమును దాని యెర్రదీపపు కాంతిలో తోకబల్లపై పెద్దయక్షరములతో వ్రాయించిన పేరును గోచరించినవి. లాస్య. అది భర్త బండి. బిడ్డ చేతులలో లేదు. బిడ్డ పేరు మాత్రమెర్రగా మెరయుచు మంచులోనికి దూరమై పోవుచుండెను.

అటుపిమ్మట గాటుకవంటి చీకటి గ్రమ్మెను. అంత వెలుగు చూచిన కన్నులకు మసకవెలుతురు సయితము మిగులలేదు. ఏడ్పు వినబడిన నటువైపు పాకియుండెడిది, ఏడ్పు లేదు. కాలువనీరు గట్టు నొరసికొనుచు జేయు చిన్న సవ్వడి తప్ప నే చప్పుడును లేదు. ఆమె గ్రుడ్డిదానివలె వాలుమీద నలుదెసల దడవుచుండ జేతికి మెత్తని తడి యేదియో తగిలెను. కాలువ బాగుచేసినవారు పైకిలాగి కుప్పవోసిన గుఱ్ఱపుడెక్క యది. ఆ కుప్పపై కొంగు చుట్టినది చుట్టినట్లే లాస్య పడియుండెను. తడవిన వ్రేళ్ళకు చెంప వెచ్చగా దగిలెను. నోరు తెరచియుండెను గాని భయమున నూపిరి బిగబట్టి ధ్వని వెలువరింపజాలకుండెను. తల్లి యెత్తి వీపు చరువగా నప్పుడు కాలువకావలి యొడ్డు ప్రతిధ్వనించునట్లు గుక్కపట్టి యేడ్చెను. 

కుప్పకు దిగువన జేయి చాపు మేరలో నీరుండెను.

వైద్యునికడకు బోవు మాట మరచి స్కూటరును నడిపించుకొనుచు వారిల్లు చేరునప్పటికి నూకరాజు గెలలబండిని వాకిట నిలిపి యరుగుమీద గూర్చుండి కాళ్ళూపుచుండెను. చీకటిలో వారి యాకారములను మాత్రమే చూచి యుత్సాహము పట్టజాలక పలుకసాగెను.

"ఎక్కడికెళ్ళావే? దీపాలంటే ఇయ్యే దీపాలు! గట్టంతా పట్టపగల్లా ఉందనుకో. ఎదురొచ్చినోడల్లా పక్కకి తప్పుకోడమే. వంపు కాడ ఎవడో స్కూటరోడైతే ఏకంగా కిందకే దిగిపోయాడే. మర్యాదస్తుడు!"

వీరబాబు బురదకాళ్ళతో నక్కతో గూడ నరుగుదీపపు వెలుగులోనికి వచ్చి నిలిచెను. "ఆ మర్యాదస్తుణ్ణి నేనే బావా."

నూకరాజు కాళ్ళూపుట మానెను. అతని చూపు బావమరది చిరిగిన మోచేతిమీదినుండి భార్య మోకాళ్ళమీదికిని నటనుండి బిడ్డ జుట్టున జిక్కుకొనియున్న గుఱ్ఱపుడెక్క వేరుమీదికిని బ్రాకి యక్కడనే నిలిచిపోయెను.  అరుగు దిగి వచ్చెను.

"బండి వెలిగించండి" యని సత్యవేణి పలికెను. 

అతడు బండిదీపములు వెలిగించెను. గోడమీద మధ్యాహ్నము గీచిన బొగ్గుగీత చీకటి వెలుగుల నడుమ హద్దుగా నుండవలసినది తెల్లని ప్రవాహమున మునిగి దిక్కులేక కిందుండెను. వెలుగంచు కిటికీని దాటి చూరును దాటి కొబ్బరిమట్టలలోనికి బ్రాకెను. వెనుక గెలల బరువునకు గుంగి కూర్చున్న బండి ముక్కెత్తి యాకాశమును జూచుచుండెను. మధ్యాహ్నము బెత్తెడు దిగువకు దించిన కాంతి మనుజుల నేత్రములను వెదకుకొనుచు దనంతట దానే పైకి లేచెనాయన్నట్లుండెను. ఇన్నాళ్ళును భయపడినది చీకటికి. మీదికి వచ్చినది వెలుగు. 

ఆమె భర్త జేబులోనుండి ఫోను దీసి తానే పోతురాజును బిలిచెను.

"అన్నయ్యా, స్క్రూడ్రైవరు తీసుకుని రా. దీపాలు దించాలి."

"ఇయ్యాల శుక్రవారం కదా చెల్లెమ్మా?"

"శుక్రవారమే. ఇప్పుడే రా."

అతడు వచ్చెను. బిడ్డను చూచి బండి ముందు మోకాళ్ళూని గెలల నొక్కదానినైన దింపనీయక యా బరువు మీదనే మరలను ద్రిప్పెను. కాంతి కొబ్బరిమట్టలను విడిచెను, చూరును విడిచెను, కిటికీని విడిచెను, గీతను దాటి క్రిందికి బెత్తెడు దిగి యణగి నిలిచెను. దీపముల మీది కుంకుమ యతని వ్రేళ్ళకంటి చెదరిపోయెను. దానిని జూచియు సత్యవేణి గోడమీది వెలుగంచు వంకకే మరలెను.

గోడ చెప్పినది చాలునని పురుషులు లేచిరి. ఆమెకు జాలలేదు. లాస్యను చంకనిడుకొని వాకిలి దాటి గట్టుబాట యెక్కి మంచులో కొంతదూరము నడచి యిందాక తమ్ముని స్కూటరుండిన తీరున బండి కెదురుగా దిరిగి నిలిచెను. నూకరాజు బండిని మెల్లగా బాటకెదురుగా ద్రిప్పెను. తెల్లని వెలుగు నేలను బ్రాకుచు వచ్చి యామె పాదములను దాకెను. బురదగట్టిన కుచ్చెళ్ళను దాకెను. మోకాళ్ళ మీది నెత్తుటిచారను దాకి యక్కడ నాగెను.

"మొహం మీద పడుతోందేటే?" యని నూకరాజు బండిలోనుండి గేకవేసెను.

సత్యవేణి బిడ్డ మొగమువంక జూచెను. ప్రతి శుక్రవారమును దీపమెత్తి చూచుకొను నా మొగము నేడు చీకటిలో నుండెను. ముక్కు కానరాదు, కన్నులు కానరావు, చెక్కిలికి దగులు వెచ్చని యూపిరియు రొమ్ములోని గురగురయు మాత్రమే తెలియుచుండెను. "పడట్లేదండీ, ఇలాగే ఉంచండి" యని బదులిచ్చి యామె కొంగుతో బిడ్డ తల గప్పి పాదముల చుట్టు నున్న వెలుగులో జాగ్రత్తగా నడుగు లిడుచు నింటివైపు నడచెను.