కాఫీ అలమర

ఆ ఆఫీసులో ఆమెను అందరూ అక్క అనేవాళ్లు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే పిలిచేవాళ్లు. ఆమె పని తప్పులు పట్టడం. మిగతావాళ్లు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ ఏం పాడవుతుందో వెతికి, దొరికినదాన్ని ఎర్ర స్లిప్పు మీద రాసి, మేనేజరు బల్ల వెనక గోడకు అతికించాలి. పొద్దస్తమానం తప్పులెంచే మనిషిని వరస పెట్టి పిలిస్తే కాస్తయినా కోపం తగ్గుతుందని టీము ఎప్పుడో కనిపెట్టింది.

గోడ సంగతిలో మేనేజరుది ఒక మొండిపట్టు. కంప్యూటర్లో ఎన్ని జాబితాలున్నా సరే, తప్పు కాగితం మీదికెక్కి కంటికెదురుగా కనబడాలి. పొద్దున్నే వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా గోడ ముందు నిలబడి, "ఇవాళ దీని సంగతి చూద్దాం" అని ఒక స్లిప్పు మీద వేలు పెట్టేవాడు. సాయంత్రానికి ఆ స్లిప్పు చింపి బుట్టలో పడేస్తే ఆయనకు అదో పండగ. ఆ కాస్తకే ఈల వేసుకుంటూ ఇంటికి పోయే మనిషి.

అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఒక పెద్ద ఆసుపత్రి పని. ఏ మంచం మీది రోగికి ఏ మందు ఎప్పుడివ్వాలో నర్సు చేతిలోని ఫోను మోగి చెప్పాలి. ఆసుపత్రివాళ్లు తొందరపెడుతున్నారు, పై అంతస్తులో కూర్చునే పెద్దలు వాళ్లకంటే ఎక్కువ తొందరపెడుతున్నారు. ఇద్దరి మధ్యా మేనేజరు నలిగిపోతున్నాడు. ఒక మధ్యాహ్నం పై అంతస్తు మీటింగు నుంచి దిగి వస్తూ ఛాతీ పట్టేసిందంటూ మెట్ల మీదే కూలబడ్డాడు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, గుండెకేం ఢోకా లేదు, బీపీ మాత్రం ఆకాశంలో ఉంది, ఉప్పు తగ్గించు, కాఫీ మానెయ్, ఒత్తిడి తగ్గించుకో అని చెప్పి పంపారు. ఉప్పు, కాఫీ మానడం ఎలాగో అందరికీ తెలుసు. మూడోదాని గురించి డాక్టరు కూడా ఇంకేం వివరించలేదు.

పై అంతస్తు మాత్రం వెంటనే స్పందించింది. ప్రతి బుధవారం భోజనాల వేళ ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టింది. రానివాళ్లు కారణం రాసి పంపాలి. ఒకావిడ వచ్చి అందరినీ కళ్లు మూసుకోమని, ఊపిరి నెమ్మదిగా పీల్చమని చెప్పేది. వాళ్లు కళ్లు మూసుకున్నంతసేపూ జేబుల్లో ఫోన్లు గిజగిజలాడుతూనే ఉండేవి. క్లాసు అయ్యాక భోజనానికి టైము ఉండేది కాదు.

మేనేజరు తిరిగి ఆఫీసుకు రావడానికి ముందురోజు ఆయన భార్య అక్కకు ఫోన్ చేసింది. ఎప్పుడో ఆఫీసు వార్షికోత్సవంలో ఒకసారి కలిసిన పరిచయం. గొంతు వింటేనే ఆమె ఏడ్చి లేచిందని తెలిసిపోతోంది.

"ఆయనకి చెడ్డ కబుర్లు చెప్పకండమ్మా. మీ అందరికీ దణ్ణం పెడతాను. నేనూ ఇంట్లో చెప్పడం మానేశాను. గీజరు పాడైతే కూడా చెప్పలేదు, ఆయన లేచేలోపు పొయ్యి మీద నీళ్లు కాచి బకెట్లో పోసేస్తున్నాను" అంది.

ఆ మనిషి బీపీలో సగం తన ఎర్ర స్లిప్పుల పుణ్యమేనని అక్కకు ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. అలాగేనండీ, మేము చూసుకుంటాం అని మాటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే టీమంతా కాఫీ గదిలో చేరింది. ఉపాయం చెప్పినవాడు 'అయిపోవచ్చింది'. అది అతని అసలు పేరు కాదు. ఏ పని ఎంతవరకు వచ్చిందని అడిగినా "అయిపోవచ్చిందక్కా" అంటాడు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. మందుల అలారం ప్రోగ్రాము రాసేది అతనే. అతని ఆలోచన ఇది. గోడ మీద పూటకు రెండో మూడో చిన్న చిన్న స్లిప్పులు ఉంచుదాం, మరీ ఖాళీగా ఉంటే అనుమానం వస్తుంది. పెద్దవన్నీ కాఫీ అలమర తలుపు లోపల అతికిద్దాం. సారుకి కాఫీ బంద్ కాబట్టి ఇటువైపు రాడు. మనం మాత్రం కాఫీకని వచ్చి చూసుకుందాం.

అందరికీ నచ్చింది. అందరూ మంచివాళ్లు, అదే వచ్చిన చిక్కు.

అప్పటి నుంచి ఆ టీము తాగినంత కాఫీ ఆ భవనంలో ఇంకెవరూ తాగి ఉండరు. చక్కెర డబ్బా వెనక, కప్పుల వరస పక్కన, తలుపు నిండా ఎర్ర స్లిప్పులు పెరిగాయి. ఇద్దరిద్దరుగా వెళ్లి, తలుపు తెరిచి గుసగుసలాడుకుని, మేనేజరు చెప్పుల చప్పుడు వినబడగానే తలుపు మూసి, నవ్వు ముఖాలు పెట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. ఆయన "ఎలా ఉంది పని?" అంటే "సూపర్ సార్" అనేవాళ్లు. ఆయన ఇంకేమైనా అడగబోతే ఎవరికో ఫోన్ వచ్చేది.

ఇంత చేసినా మేనేజరు మాత్రం బాగుపడలేదు. ముఖం పీక్కుపోయింది. ఈల ఆగిపోయింది. ఆరు కొట్టగానే అందరినీ ఇళ్లకు వెళ్లిపొమ్మనేవాడు. ఒకరోజు యాపిల్ పళ్ల బుట్ట తెచ్చి పెట్టాడు. ఇంకోరోజు ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వచ్చి, "నువ్వు బాగానే ఉన్నావు కదా? ఇక్కడ ఏమీ ఇబ్బంది లేదు కదా?" అని అడిగి, జవాబు కోసం ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంత తేలిక చేసినా ఈయన ఇలా అయిపోతున్నాడంటే జబ్బు ముదిరినట్టే అనుకుంది అక్క. గోడ మీది ఆ రెండు మూడు స్లిప్పుల్లోంచి ఇంకొకటి తీసి అలమరలోకి చేర్చింది.

సోమవారం నుంచి వార్డుల్లో ప్రోగ్రాము మొదలుపెట్టాలన్నది ఒప్పందం. దానికి ముందు శుక్రవారం మీటింగులో మేనేజరు "సిద్ధమేనా?" అని అడుగుతాడు, అక్క "సిద్ధం" అనాలి. ఆమె అనకపోతే ఆ ఆఫీసులో ఏదీ గడప దాటదు. అది మేనేజరే పెట్టిన పద్ధతి.

ఆ వారంలోనే అక్కకు ఆ తప్పు దొరికింది. ఆమె తమ్ముడికి ఒకప్పుడు ఆపరేషను అయినప్పుడు, ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని అతన్ని ఒకే రోజు రెండు మంచాలు మార్చారు. అది గుర్తొచ్చి, ప్రోగ్రాములో ఒక రోగిని కిటికీ పక్క మంచం నుంచి తలుపు పక్క మంచానికి మార్చి చూసింది. రోగి కదిలాడు గానీ అతని మందు అలారం పాత మంచం దగ్గరే ఉండిపోయింది. ఆ మంచం మీదికి కొత్తగా ఎవరొస్తే వాళ్లకు ఆ మందు ఇవ్వమని మోగింది.

అక్క స్లిప్పు రాసి, అలవాటుగా తీసుకెళ్లి అలమర తలుపుకే అతికించింది. 'అయిపోవచ్చింది' దాన్ని చూసి తెల్లబోయాడు. రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాడు. దాన్ని సరిచేస్తే మంచం మారిన రోగులకు అలారమే మోగడం మానేసింది. దాన్నీ సరిచేస్తే రెండుసార్లు మోగింది. శుక్రవారం పొద్దున అక్క దగ్గరికి వచ్చి, "అయిపో..." అని, మాట పూర్తి చేయలేక కుర్చీలో కూలబడ్డాడు. నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

అక్కకు మింగలేని, కక్కలేని పరిస్థితి. సిద్ధం అంటే, ఎక్కడో ఒక వార్డులో ఎవరి తమ్ముడో ఎవరి మందో మింగుతాడు. కాదంటే, సోమవారం ముంగిట్లో ఈ పిడుగు ఆ మనిషి నెత్తిన పడుతుంది, ఆయన మళ్లీ మెట్ల మీద కూలబడితే ఆ ఇల్లాలికి ఏం సమాధానం చెప్పాలి? భోజనం డబ్బా తెరిచి మళ్లీ మూసేసింది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. చేయడానికే భయంగా ఉంది, ఆ భయం దాచుకోవడం కూడా చేతకావడం లేదు.

చివరికి మీటింగుకు గంట ముందు ఏర్పాట్లన్నీ చేసింది. ఆఫీసు కారు డ్రైవరును కింద సిద్ధంగా ఉండమంది. కాఫీ గదిలో చేతులున్న కుర్చీ వేయించింది, పడిపోతే పక్కకు జారకుండా. గ్లాసుతో నీళ్లు పెట్టింది. టీముని తలుపు దగ్గర నిలబెట్టింది. అప్పుడు మేనేజరును పిలుచుకొచ్చి కూర్చోబెట్టింది. ఆ కుర్చీ, ఆ నీళ్లు, ఆ ముఖాలు చూసి ఆయన పాలిపోయాడు.

"చెప్పండి. అందరూ కలిసే నిర్ణయించుకున్నట్టున్నారు" అన్నాడు.

అక్క వెళ్లి అలమర తలుపు బార్లా తెరిచింది.

మేనేజరు లేచాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కో స్లిప్పూ చదువుకుంటూ పైనుంచి కిందికి వచ్చి, కిందివాటి కోసం చక్కెర డబ్బా పక్కకు జరిపి, మోకాళ్ల మీద కూర్చుని చదివాడు. మంచం మారిన రోగి స్లిప్పు దగ్గర చాలాసేపు ఆగాడు. గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు, బుధవారం క్లాసులో నేర్పిన పద్ధతిలో కూడా.

"ఇవన్నీ ప్రోగ్రాములో తప్పులేనా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"అవును సార్."

"ఎవరూ ఉద్యోగం మానేయడం లేదా?"

ఎవరికీ అర్థం కాలేదు. అక్క లేదంది.

ఆయన నేల మీదే కూలబడి, అలమరకు వీపు ఆనించి, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. ఇన్నాళ్లుగా ఆయన చూసింది ఇదీ. తను కనబడగానే మాటలు ఆగిపోతాయి, తలుపు మూసుకుంటుంది, అందరూ ఒకేలాంటి నవ్వు నవ్వుతారు, గోడ మీద పనికిమాలిన స్లిప్పులు తప్ప ఏమీ ఉండవు. వీళ్లకు పని మీద మనసు పోయింది, అందరూ కలిసి వేరే కంపెనీకి వెళ్లిపోతున్నారు అనుకున్నాడు. తను పడిపోయాక తన కింద పనిచేయడం ఎవరికీ ఇష్టం లేదు కాబోలు అనుకున్నాడు. అందుకే ఆ యాపిల్ పళ్లు. నిద్ర లేదు, మాత్ర వేసుకున్నా బీపీ దిగలేదు.

"ఎర్ర స్లిప్పు చూస్తే నేనేం చేయాలో నాకు తెలుసు. మీ నవ్వులు చూస్తే ఏం చేయాలో తెలియలేదు. బతికుండగానే నామీద దుప్పటి కప్పేశారు కదరా" అన్నాడు.

ఆ మాటకు అక్కకు కన్నీళ్లు ఆగలేదు. తప్పయిపోయింది సార్ అంది. 'అయిపోవచ్చింది' గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"మా ఆవిడ ఫోన్ చేసిందా?" అని అడిగాడు మేనేజరు. అక్క నేల చూపులు చూసింది. ఆయనకు అది చాలు. "ఇంట్లోనూ ఇదే తంతు. గీజరు పాడైందని నాకు తెలుసు. తెలిసినట్టు తనకి తెలియకూడదని నేను ఆ బకెట్ నీళ్లే పోసుకుంటున్నాను" అన్నాడు.

తరవాత ఆయన లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆ మంచం స్లిప్పు ఊడదీసి పట్టుకుని, ఆసుపత్రివాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు. సోమవారం కుదరదని చెప్పి, ఎందుకో ఉన్నదున్నట్టు చదివి వినిపించాడు. అవతల కేకలు గదిలో అందరికీ వినబడ్డాయి. ఆయన మధ్యమధ్య అవునండీ, నిజమేనండీ అంటూ, ఖాళీ చేత్తో ఒక్కో స్లిప్పూ ఊడదీసి అక్క చేతికిస్తున్నాడు. అక్క ఆయన ముఖం కేసే చూస్తోంది, ఎక్కడైనా చెమట పడుతుందేమోనని. పట్టలేదు. ఫోన్ పెట్టేసి, రెండు వారాలు ఇచ్చారు, బాగా తిట్టారు, పై అంతస్తువాళ్లు ఇంకా తిడతారు అని లెక్క చెప్పి, 'అయిపోవచ్చింది'ని ఇంటికి పోయి పడుకోమన్నాడు. సాయంత్రానికి ఎర్ర స్లిప్పులన్నీ గోడకెక్కాయి. గోడ చాలక కిటికీ అద్దానికి కూడా అతికించారు. డ్రైవరు ఇంకా కిందే ఉన్నాడని ఆరు దాటాక గుర్తొచ్చి, వెళ్లిపొమ్మని చెప్పారు.

మర్నాడు సెలవు. అక్క బట్టలు ఆరేస్తుంటే మేనేజరు భార్య ఫోన్ చేసింది. ఆమెకిచ్చిన మాట తప్పింది అక్క.

"ఏం మంత్రం వేశారమ్మా? రాత్రి గురక పెట్టి మరీ నిద్రపోయారు. ఎన్నాళ్లయిందో ఆ గురక విని" అంది ఆవిడ. "పొద్దున్నే ఈల వేసుకుంటూ లేచి గీజరు విప్పి కూర్చున్నారు. నేను చెప్పనేలేదు, ఆయనకెలా తెలిసిందో. స్నానాలగది నిండా మరలే. మీరంతా ఆయన్ని అంత కడుపులో పెట్టుకుని చూసుకున్నారు కాబట్టే ఇలా తేరుకున్నారు. మీ మేలు మరిచిపోను."

నిన్న ఆయనకు ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పారో అక్కకు ఒక్కసారి కళ్లముందు తిరిగింది. చేతిలోని తడి చొక్కా భుజాన వేసుకుంది.

"ఇంట్లో ఇంకేమైనా పాడయ్యాయాండీ?" అని అడిగింది.

ఆవిడ గొంతు తగ్గించి, వాషింగ్ మెషీను కూడా తిరగడం లేదంది, బట్టలు ఆయన ఆఫీసుకి వెళ్లాక చేత్తో ఉతికేస్తున్నానంది.

"ఇప్పుడే వెళ్లి చెప్పేయండి" అంది అక్క.