నోను వేరు

నోను పండు కంపు గురించి తొంగా దీవుల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. జాడీలో మగ్గిందంటే వీధి చివరి కుక్క కూడా మొహం తిప్పుకుంటుంది. ఆ రసాన్నే లోసేలి రోజూ పొద్దున ముక్కు మూసుకుని గ్లాసుడు తాగుతోంది. ఆమెకి చక్కెర జబ్బు, దానికి తోడు గుండె బలహీనం. రసం మొదలుపెట్టాక కాళ్ల వాపు తీసింది, రక్తంలో చక్కెర దిగింది. "మాత్రలు మానావంటే మాత్రం ఊరుకోను," అని నర్సమ్మ కసిరింది గానీ, పరీక్షలో అంకె చూసి ఆవిడ మొహమూ విప్పారింది.

రసం తెచ్చేది తమ్ముడు కేపు. సీసా మెట్టు మీద పెట్టి, ఓసారి దగ్గి వెళ్లిపోతాడు. ఈడొచ్చాక అక్కాతమ్ముళ్లు ఒక కప్పు కింద కూర్చోరు, ఒంట్లో ఎలా ఉందని ఒకరినొకరు అడగరు. అక్కకి కావలసింది తెచ్చిపెట్టడమే తమ్ముడి వంతు. మర్యాద గొప్పదే. దాని చాటున ఎన్ని నోళ్లు మూగబోయాయో దేవుడికెరుక.

ఓరోజు లోసేలి కర్టెను సందులోంచి చూసింది. సీసా పెట్టి వెనుదిరిగిన కేపు సీమపనస చెట్టు పట్టుకుని ఆగిపోయాడు. ఎడమ రొమ్ము మీద పిడికిలి. నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. కాసేపటికి చొక్కా సర్దుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోయాడు. వాణ్ణి అడగడానికి లేదు. లోసేలి మేనత్త ఫిఫిటా ఇంటికి పరుగు తీసింది.

అత్త చాప అల్లుతోంది. తలెత్తలేదు. "ఇప్పటికి కనబడిందా నీకు? ఊరంతా చూశాకా?"

"డాక్టరేమన్నాడత్తా?"

"తీగలు తగిలించి చూశాడు. గుర్రంలా ఉన్నావు, పోయి చేపలు పట్టుకో అన్నాడట. పొద్దున్నే వస్తుందే ఆ నొప్పి. సరిగ్గా నువ్వు గ్లాసెత్తే వేళకి."

"అత్తా!"

"అరవకు. ఆ నోను చెట్టు ఎక్కడుందో చెప్పు."

లోసేలికి అప్పుడు వెలిగింది. చెట్టు నాన్న సమాధి తల దగ్గరుంది. ఊళ్లో నోను చెట్లు బోలెడున్నా, ఆ చెట్టు పండైతేనే గుణమిస్తుందని పట్టుబట్టింది తనే.

ఇంకేం కావాలి? చచ్చినవాళ్ల ఎముకల్లోకి వేరు దిగితే, వాళ్ల కడుపున పుట్టినవాళ్లకి అదే చోట నొప్పి పుడుతుంది. తవ్వి, వేరు తీసి, ఎముకలకి కొబ్బరినూనె రాసి మళ్లీ పడుకోబెడితే తగ్గుతుంది. డాక్టర్లు నవ్వుతారు. తమ అమ్మకి నడుం పట్టేస్తే మాత్రం అందరికంటే ముందు గునపం పట్టుకొచ్చేది వాళ్లే.

తవ్వుతారని తెలిసి కేపు అత్త దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "చెట్టు జోలికి పోవద్దని అక్కతో చెప్పత్తా. నాకేం లేదు."

అంటే వాడికి ముందే తెలుసు. తెలిసే తెచ్చాడు. ఆ కబురు విన్న లోసేలికి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఆ రసం తన ప్రాణం నిలబెడుతోంది, నిజమే. అలాగని వాడి ప్రాణం పణం పెట్టి నిలబడాలా? "తవ్వించత్తా," అంది.

శనివారం పొద్దున తవ్వారు. కేపు దూరంగా కంచె దగ్గర, అటు తిరిగి నిలబడ్డాడు. అత్త ఎముకలకి చుట్టిన నారబట్ట విప్పింది. వేరు నాన్న ఎడమ పక్కటెముకల సందులోంచి లోపలికి దూరి, గుండె ఉండాల్సిన చోట పిడికెడు ముద్దగా చుట్టుకుంది. అత్త దాన్ని తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెచ్చగా ఉందే," అంది.

రంపం ఆనించింది. కంచె దగ్గర కేపు కదల్లేదు. లోసేలి గుండె మాత్రం ఎవరో గుప్పిట పట్టినట్టు బిగుసుకుంది. రంపం ఎత్తగానే వదిలింది. ఆనిస్తే మళ్లీ పట్టింది.

అత్త మేనకోడలి మొహంలోకి చూసింది. "మీ నాన్న చచ్చి కూడా ఊరుకోలేదే. కొడుకు గుండె బలం తీసి నీకు పోస్తున్నాడు."

"ఆపత్తా!" కేపు ఇటు తిరిగాడు. చిన్నతనం దాటాక ఇన్నాళ్లకి అక్క కళ్లలోకి చూశాడు. "ఉండనీ అక్కా. ఆ నొప్పి నాకు అలవాటైపోయింది."

"నోర్ముయ్యరా."

లోసేలి గోతిలోకి దిగి, అత్త చేతిలో రంపం లాక్కుని తనే కోసింది. కళ్లు చీకట్లు కమ్మినా ఆపలేదు. వేరు తెగింది. తెగిన చోట రసం కారింది, అదే కంపు. పైన కేపు ఎన్నాళ్లకో నిండుగా గాలి పీల్చిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు విని ఆమె గోతిలోనే కూలబడి ఏడ్చింది.

చెట్టుని మొదలంటా నరికేశారు. లోసేలికి మళ్లీ చక్కెర ఎక్కింది. నర్సమ్మ మాత్రలూ పెంచింది, కసుర్లూ పెంచింది. కేపు ఇప్పుడు ఆకుకూరో చేపలో తెచ్చి మెట్టు మీద పెడతాడు. దగ్గి వెళ్లిపోడు. అటు తిరిగి నిలబడి అడుగుతాడు.

"అక్కా, తిన్నావా?"

"తిన్నాన్రా."

"నొప్పేమైనా ఉందా?"

"నాకేం లేదు."

నరికిన మొద్దు చావలేదు. తడవ తడవకీ లేత చిగుళ్లు వేస్తోంది. సమాధి మీద ఇసుక సర్దే నెపంతో లోసేలి వెళ్లి వాటిని గోటితో గిల్లేస్తుంది. గిల్లినప్పుడల్లా ఎడమ రొమ్ములో చురుక్కుమంటుంది. ఈమధ్య ఆ పోటు కొంచెం ఎక్కువసేపు ఉంటోంది. ఎవరికీ చెప్పదు.